తెరిచి పెట్టమన్నారు

పండుగప్ప పొలుసు తీస్తుండగా మా బావ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. సాయం చెయ్యడానికి కాదులెండి. "వచ్చే వారమే ఇంటర్వ్యూ. నీ అకౌంట్లో ఆ పోస్టు తియ్యమన్నాను కదా, తీశావా?" అన్నాడు.

బావ అంటే నా మొగుడు దొరబాబు, మా మేనత్త జోగమ్మ కొడుకు. పెళ్లయిన దగ్గర్నుంచీ అమెరికాలో ఉంటున్నాం. వీసా గడువు తీరితే మళ్లీ స్టాంపింగ్‌కని పెందుర్తిలో మా అత్త ఇంటికి వచ్చాం. ఇప్పుడు అక్కడి ప్రభుత్వం కొత్త రూలు పెట్టింది. వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా అకౌంట్లు అందరికీ కనపడేలా తెరిచి పెట్టాలట, ఆఫీసర్లు చదువుతారట. నాకు నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో "ఆడదాని రాతలు ఊరందరూ చూడాలా?" అని నా అకౌంటుకి తాళం వేయించింది ఈయనే. మొగుడు మూయమంటే మూశాను, అమెరికా తెరవమంటే తెరవాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకు. నీకేం కావాలని నన్నడిగినవాడు లేడు. అక్కడా అంతే. ఆయన వీసాకి తోక నా వీసా, దాంతో ఉద్యోగం చెయ్యకూడదు. ఎమ్‌కామ్ చదివి ఆయన స్నేహితులకి పకోడీలు వేస్తూ కూర్చున్నాను. మా అమ్మ పోతమ్మ హార్బరులో చేపలమ్ముతుందని వాళ్లతో అనబోతే బల్ల కింద కాలు తొక్కేవాడు. అమెరికావాళ్లలో కలిసిపోవాలంటే ముందు ఒంటికున్న సముద్రం వాసన పోవాలని ఆయన లెక్క. ఒళ్లు మండిపోయేది నాకు, అయినా నోరు మూసుకునేదాన్ని.

ఇంతకీ ఆ పోస్టు పెద్దదేం కాదు. అమెరికా సంకెళ్లు వేసి విమానంలో వెనక్కి పంపించిన మనుషుల ఫొటో కింద రాశాను: "మా నాన్న వరహాలు వేటకెళ్లి, నీళ్ల మీద కనపడని గీత దాటాడని పరాయి దేశం జైల్లో పెట్టారు. ఇలాగే సంకెళ్లతో ఫొటో తీశారు. వీళ్లూ ఎవరో ఒకరి నాన్నలే." మా నాన్న తిరిగొచ్చాడు గానీ ఎక్కువ కాలం బతకలేదు. ఆయన గురించి ఈ లోకంలో ఉన్నవి ఆ నాలుగు ముక్కలే.

"తియ్యలేదు బావా," అన్నాను.

కోపమొస్తే ఆయన అమెరికా మాట ఎగిరిపోయి హార్బరు మాట దిగుతుంది. "ఏటే, తమాసాగుందా? ఆఫీసరు అది సదివితే నీతోపాటు నా వీసా కూడా పోద్ది! అమ్మా, నువ్వయినా సెప్పు."

"తీసీయమ్మా," అంది అత్త, నా మొహం చూడకుండా. "ఆడు నాకు తమ్ముడు కాడేటి? నాకు లేదా బాధ? సచ్చిపోయినోడు మళ్లీ వత్తాడా?"

చేతులు కడుక్కుని ఫోను తీశాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. అకౌంటు అందరికీ తెరిచాను. పోస్టు జోలికి పోలేదు. ఆయనకి చూపిస్తే మొహం పాలిపోయింది.

"నీకు వీసా ఇవ్వకపోతే ఏటి సేత్తావే?" అన్నాడు.

భయపెట్టడానికే అడిగాడు. ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. జవాబు మాత్రం ఎప్పట్నుంచో నా దగ్గరే ఉన్నట్టుంది.

"ఉద్యోగం సేత్తాను బావా. ఈ దేశంలో సెయ్యొచ్చు."