కుండకి మూడు చిప్పలు

మంగరాజు మోటారు సైకిలుకి దీపం వెనకాల గుండ్రటి అద్దం ఉండేది. అద్దం కింద అంకెలు, అంకెల మీద తిరిగే సన్నటి ముల్లు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన బళ్ళలో ఒకదాన్ని తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు యజమాని కొని, కొన్నాళ్ళు తోలి, విసుగెత్తి, తన మెకానిక్కయిన మంగరాజుకి అప్పగించాడు. చుట్టుపక్కల మిల్లుల్లో ఇంజను మొరాయిస్తే వెళ్ళి చూసి రావాలన్నది షరతు. అప్పటినుంచి మంగరాజు నిడమర్రు అవతల, కొల్లేటి గట్టున ఉన్న తన పల్లె నుంచి రోజూ దానిమీదే గూడెం వెళ్ళి వస్తున్నాడు. దారి పద్దెనిమిది మైళ్ళు.

సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకముందే అక్కకి ముల్లు కబురు చెప్పేవాడు. ఇవాళ ముప్ఫై అయిదు. ఇవాళ గణపవరం దాటాక నలభై. ముల్లు నలభై మీద నిలబడితే చెవుల్లో గాలి ఎలా కూస్తుందో కూడా చెప్పేవాడు. అక్క గంగారత్నం పొయ్యి దగ్గర కూర్చుని అన్నీ వినేది. ఆమెకి భర్త పోయి ఏడాది కావస్తోంది. పిల్లలు లేరు. తమ్ముడు పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆమె చేతి కూడు తింటూ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆమె భర్త పదిహేనేళ్ళు ఊరి మంచినీళ్ళ చెరువులో చేపలు పెంచాడు. ఆయన పోయాక చెరువు ఎవరికి ఇవ్వాలని పెద్దలు కూర్చున్నప్పుడు ఆమె తానూ వెళ్ళి ఒక పక్కన నిలబడింది. ఆడమనిషికి చెరువేంటని పాపారావు అన్నాడు. అతనికి ఆ చెరువు మీద ఎప్పటినుంచో కన్ను. చివరికి పెద్దలు, ఈ ఒక్క ఏడాదికీ ఆమెనే చెయ్యనిద్దాం, చేప పెరిగితే ఆమెది, పెరక్కపోతే పాపారావుది అని తేల్చారు.

చేప పెరగాలంటే ముందు పిల్ల కావాలి. గోదావరికి వరద వచ్చినప్పుడు విజ్జేశ్వరం ఆనకట్ట దగ్గర బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా దొరుకుతాయి. తెచ్చేవాడు రామకోటి. ఆయన పాతికేళ్ళుగా అదే పని చేస్తున్నాడు. నిడదవోలులో రైలెక్కి గూడెంలో దిగి, కావిడి భుజాన వేసుకుని పల్లె దాకా నడిచి వచ్చేవాడు. నడకంటే మామూలు నడక కాదు. అడుగడుగుకీ కావిడి బద్ద ఊగాలి, కుండలో నీళ్ళు గలగలమనాలి. నీళ్ళు నిలబడితే పిల్లకి ఊపిరాడదు. అయిదు గంటల దారి, మధ్యలో రెండు చోట్ల నీళ్ళు మార్చడం. ఇప్పుడాయనకి అరవై దాటాయి. మోకాలు వాచింది. బస్సులో వేద్దామంటే నీళ్ళ కుండలు ఎక్కనివ్వమన్నారు.

అప్పుడు మంగరాజు తాను తెస్తానన్నాడు. మిల్లులో ఇనప చట్రం చేయించాడు. వెనక సీటుకి అటూ ఇటూ కుండలు కుదురుగా కూర్చునేలా గడ్డి చుట్టాడు.

ఆషాఢంలో మొదటి వరద వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే రామకోటి గూడెం స్టేషన్లో దిగి, చెట్టు నీడన పెద్ద కుండల్లోంచి పిల్లని చిన్న కుండల్లోకి వేస్తూ మంగరాజుని ఒకే ఒక మాట అడిగాడట, దారి ఎంతసేపు పడుతుందని. ఆయన కొలత కొబ్బరిచిప్ప. అయిదు గంటల దారైతే కుండకి రెండు చిప్పల పిల్ల. అరగంటే అయితే ఆరు వెయ్యొచ్చు. దారి పెరిగేకొద్దీ పిల్ల తగ్గాలి, లేకపోతే ఒకదాని ఊపిరి ఇంకొకటి తీసుకుంటుంది. మంగరాజు లెక్క చూసుకుని, గంటకి నలభై మైళ్ళు, పద్దెనిమిది మైళ్ళకి అరగంట కూడా పట్టదన్నాడు. రామకోటి కుండకి ఆరు చిప్పలు వేశాడు. దారిలో నీళ్ళు నిలబడనివ్వకు బాబూ అని కూడా చెప్పాడు. నేనెక్కడా ఆగను కదా అన్నాడు మంగరాజు.

గంగారత్నం చెరువు గట్టున ఎదురుచూస్తూనే ఉంది. బండి చప్పుడు వినబడేసరికి ఎండ చురుక్కుమంటోంది. మంగరాజు దిగి బండిని స్టాండు మీద నిలబెట్టాడు. ఆమె కుండ మీద గుడ్డ తీసి చూసింది. పైన తెల్లగా, బియ్యం కడుగు నీళ్ళలో నూక తేలినట్టు తేలుతున్నాయి. చెయ్యి పెట్టి కలిపింది. ఒక్కటీ కదల్లేదు. రెండో కుండ తీసింది. అడుగున ఏ పాతికో మాత్రం నోళ్ళు తెరుస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముణ్ణి తిట్టలేదు. అన్నం పెట్టింది. అతను కలుపుతున్నాడే గానీ తినడం లేదు.

"ఒరే తమ్ముడూ, మిల్లులో నువ్వు ఎన్ని గంటలకి ఉండాలి?"

"ఎనిమిదికి."

"మరి రోజూ ఆరున్నరకే నా ప్రాణం తీసి చద్దన్నం పెట్టించుకుంటావెందుకు? అరగంట దారికి ఏడున్నరకి బయల్దేరితే చాలదూ?"

మంగరాజు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. దారిలో రైలుగేటు ఉంటుందన్నాడు. లాకుల దగ్గర వంతెన మీద బళ్ళు ఒక్కొక్కటే వెళ్ళాలన్నాడు. బాతుల మందలుంటాయి, వానాకాలం కంకరరోడ్డు గుంతలు, ఎవరో ఒకరు చెయ్యెత్తి మిల్లు కబురు అడుగుతారు. చెప్తూ చెప్తూ అతని గొంతు తగ్గిపోయింది.

"అవన్నీ రోజూ ఉండేవేగా?"

"రోజూ ఉండేవే. కానీ అది బండి లెక్క కాదక్కా. బండి ఆగినప్పుడు అది నడిచినట్టు కాదుగా."

"చేపపిల్లకి ఆగినా అదే ఊపిరి, నడిచినా అదే ఊపిరి" అంది ఆమె.

అతను కంచం పక్కకి జరిపాడు. చివరికి తనే లెక్క వేశాడు. పద్దెనిమిది మైళ్ళు, గంటన్నర. గంటకి పన్నెండు మైళ్ళు. ఆ అంకె బయటికి చెప్పడానికి అతనికి సిగ్గేసింది. ముల్లుకి ఆ అంకె తెలుసు గానీ దానిమీద నిలబడడం అతనెప్పుడూ చూడలేదు. నలభైకి వెళ్ళేటప్పుడో, సున్నాకి పడిపోయేటప్పుడో అలా దాటిపోయేది.

శ్రావణంలో రెండో వరద వచ్చింది. అదయ్యాక ఆ ఏడు ఇక పిల్ల దొరకదు. ఈసారి గంగారత్నం తానూ వస్తానంది. ముందు రోజే బండి వెనక కూర్చుని గూడెం వెళ్ళి, మిల్లు దగ్గర ఎరిగినవాళ్ళింట్లో పడుకుంది. చీర గోచీ పోసి కట్టి మోటారు సైకిలెక్కిన మనిషిని గణపవరం సెంటర్లో జనం నిలబడి చూశారు. ఆమె వాళ్ళని చూడలేదు. ఆ దారిలో బండి ఎక్కడెక్కడ ఆగిందో చూసుకుంది. పదకొండు చోట్ల.

పొద్దున్న స్టేషన్ దగ్గర రామకోటి చిప్ప పట్టుకుని కూర్చున్నాడు. మంగరాజుని చూసి నవ్వాడు.

"ఏంటి బాబూ, ఆ ముల్లు నలభై చూపించినప్పుడు పిల్లలకి కూడా చూపించావా?"

గంగారత్నం మధ్యలోకి వచ్చి గంటన్నర అని చెప్పింది. రామకోటి కుండకి మూడు చిప్పలు వేసి గుడ్డ కట్టబోయాడు. కుండలు వెలితిగా కనబడ్డాయి. ఏడాదంతటికీ చెరువులో పడే పిల్ల అంతే. ఆమెకి మనసు పీకింది. ఇంకొక్క చిప్ప వెయ్యమని నోటి దాకా వచ్చింది. పాపారావు గట్టున నిలబడి చెరువు సగం ఖాళీయేనండీ అనడం ముందే వినబడింది. అయినా నోరు మెదపలేదు. లేచి రామకోటి కావిడి బద్దనీ ఉట్లనీ అడిగి తీసుకుని చట్రానికి పొడుగునా కట్టించింది.

రైలుగేటు వేసి ఉంది. మంగరాజు ఇంజను ఆపాడు. ఆమె రెండు చేతులతో రెండు కుండల మెడలు పట్టుకుని ఊపడం మొదలెట్టింది. గూడ్సు బండి నెమ్మదిగా పోతూనే ఉంది. ఆమె ఆపలేదు. తర్వాత బాతులు. తర్వాత గుంతలు. గుంతల్లో బండే ఊపింది, అక్కడ ఆమె చేతులకి విశ్రాంతి. మధ్యలో రోడ్డు బాగున్న చోట ముల్లు ముప్ఫై అయిదుకి లేచింది. ఆమె తమ్ముడి భుజం మీదుగా దాన్ని చూసింది. అందంగానే ఉంది. వాడు రోజూ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదనిపించింది. రోజులో ఆ నాలుగు నిమిషాలనే వాడు ఇంటికి తెచ్చేవాడు, అంతే.

లాకుల దగ్గర వంతెన మీద ధాన్యం బండి ఇరుసు విరిగి అడ్డంగా పడి ఉంది. దాని వెనక పది బళ్ళు. మోటారు సైకిలు దూరే సందు లేదు. ఇప్పుడే తీసేస్తారక్కా అన్నాడు మంగరాజు. గడియారం చూశాడు. అప్పటికే గంట దాటింది. ఆమె కుండ మీద గుడ్డ తీసింది. పిల్ల నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తోంది.

"బద్ద విప్పు."

"అక్కా, నీకు కావిడి అలవాటు లేదు."

"విప్పరా."

కుండలు ఉట్లలో పెట్టి బద్దకి తగిలించాడు. ఆమె భుజాన వేసుకుంది. మొదటి నాలుగడుగులకి నీళ్ళు ఒకవైపు ఒలికాయి. రామకోటి నడక కళ్ళ ముందు పెట్టుకుంది. మోకాళ్ళు కాస్త వంచి, పరుగూ కాకుండా నడకా కాకుండా. బద్ద ఊగింది. కుండలు గలగలమన్నాయి. బళ్ళ పక్కనుంచి, విరిగిన ఇరుసు మీదుగా వంతెన దాటింది. బండివాళ్ళలో ఒకడు, పెళ్ళివారి కావిడి ఏ ఊరికమ్మా అని అడిగాడు. ఇంకొకడు, ఆడపెళ్ళివారే మోసుకొస్తున్నారంటే పిల్ల నచ్చినట్టే అన్నాడు. నవ్వడానికి ఆమె దగ్గర ఊపిరి లేదు. ఎద్దుబళ్ళని దాటింది, సైకిలు నడిపించుకుంటున్న ఒకాయన్ని దాటింది. భుజం కోసుకుపోతోంది. కుడివైపు వరిచేలు, ఎడమవైపు కాలవ. గలగల ఆగితే గుండె ఆగినట్టనిపించి అడుగు వేస్తూనే పోయింది.

వెనక బండి చప్పుడు వినబడేసరికి ఆమె మైలురాయి దాటి ఇంకో ఫర్లాంగు వెళ్ళింది.

కుండలు మళ్ళీ చట్రంలో పెట్టుకుని చెరువు గట్టుకి చేరేసరికి అక్కడ పాపారావు, ఇంకో ఇద్దరు పెద్దలు ఉన్నారు. ఆమె ఎవర్నీ పలకరించలేదు. కుండలు నీళ్ళలోకి దించి, చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా లోపలికి పోసి, లోపలి పిల్ల ఆ చల్లదనానికి అలవాటు పడేదాకా నడుములోతున నిలబడింది. తర్వాత కుండ పక్కకి వంచింది. పిల్ల ముందు బయటికి రాలేదు. అంచు దగ్గర గుమిగూడి నిలబడింది. ఒకటి దూకింది. దాని వెనక గుప్పెడు, ఆ వెనక అన్నీ, సన్నటి నల్లటి చారలా నీళ్ళలోకి జారిపోయాయి. రెండో కుండా అంతే. అడుగున మిగిలిన చచ్చిన పిల్ల ఆమె ఒక అరచేతిలో పట్టింది.

పాపారావు వంగి ఆ అరచెయ్యి చూశాడు. "ఇంతేనాండీ పోయింది?" అని కండువా సర్దుకున్నాడు. పెద్దల్లో ఒకాయన, ఇక వరద నీళ్ళకి గండి పడకుండా చూసుకోమ్మా అన్నాడు. చెరువు ఆమెదేనన్నట్టు మాట్లాడడం ఆయనకి అదే మొదటిసారి.

మంగరాజు గట్టున కూర్చుని గడియారం తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"గంటా ముప్పావు పట్టిందక్కా. నువ్వు చెప్పిన దానికన్నా పావుగంట ఎక్కువే."

ఆమె ఖాళీ కుండలు కడిగి బోర్లించింది. తడి కొంగు పిండుకుంటూ గట్టెక్కింది. భుజం మీద బద్ద కోసిన చోట ఎర్రగా వాచింది. దాన్ని చేత్తో తడుముకుంటూ, రేపు మిల్లుకి వెళ్తూ స్టేషన్ దగ్గర రామకోటి బాబాయికి బద్ద తిరిగిచ్చేటప్పుడు ఒక మాట చెప్పమంది.

"ఏం చెప్పను?"

"వచ్చే ఏడు రెండు గంటలు అనుకుని వెయ్యమను."

మంగరాజు ఏదో అనబోయాడు. అంత అక్కర్లేదనో, వచ్చే ఏటికి వంతెన వెడల్పు చేస్తారనో. బండి వైపు చూశాడు. ఆగి ఉన్న బండి మీద ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది.

"అలాగే చెప్తాను. రేపు ఆరున్నరకే అన్నం పెట్టు" అన్నాడు.