రెండు వందల నలభై బొట్లు

మా అమ్మకి ఏదైనా ఒక్కసారి చెబితే చాలు, చచ్చినా మరిచిపోదు. ఆ జ్ఞాపకశక్తే నా కొంప ముంచబోయింది.

డెబ్బై ఒకటో సంవత్సరం. మేముండే ఖరగ్‌పూర్‌లోనే ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాన్న పేరు దేముడు, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే ఆయన సైకిలు వర్క్‌షాపు గేటు వైపు, నా సైకిలు కాలేజీ ఉన్న ప్రేమ్ బజార్ వైపు బయల్దేరేవి. "తండ్రీకూతుళ్లు డ్యూటీకెల్తన్నారు" అని వీధిలో వాళ్లు నవ్వేవారు.

కంప్యూటరంటే అప్పట్లో గది నిండా ఉండే యంత్రం. దానికి చెప్పాల్సిందంతా అట్టకార్డుల మీద చిల్లులు పొడిచి ఇవ్వాలి. కార్డుకి ఒక ఆజ్ఞ. ఏ వ్యాగను ఎప్పుడు మరమ్మతుకి రావాలో తేల్చి వరసగా అచ్చువేసే ప్రోగ్రాం నాది. వ్యాగన్ల సంగతులన్నీ నాన్న చెప్పినవే. మొత్తం రెండు వందల నలభై కార్డులు. సెప్టెంబరు పద్దెనిమిది పదకొండు గంటలకి యంత్రం మీద నా వంతు. ఆ వంతులో నడవకపోతే ప్రాజెక్టు పోయినట్టేనని కోదండరామయ్య మాస్టారు ముందే చెప్పేశారు. ఆయన మాటంటే మాటే, బతిమాలినా లాభం లేదు.

పదిహేడు విశ్వకర్మ పూజ. ఆ రోజు వర్క్‌షాపులో లేతు తిరగదు, సుత్తి లేవదు. పనిముట్లని శుభ్రం చేసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటే మళ్లీ మర్నాటిదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో నాన్న ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు.

నేను గోల్‌బజార్ నుంచి పూలూ మిఠాయీ తెచ్చేసరికి ఇంట్లో పూజ కానిచ్చేశారు. దేవుడి ముందు వెంట్రుక మందమైనా కొలిచే నాన్న మైక్రోమీటరు, అమ్మ కత్తిపీట, వాటి పక్కన మూత తీసిన నా కార్డుల పెట్టె. పై కార్డు మూలన తడి పసుపు, దాని మీద కుంకుమ. రెండో కార్డు తీశాను. దానికీ ఉంది. మూడోదానికీ ఉంది.

"ఏటి సేసినావే అమ్మా?"

అమ్మ గర్వంగా చూసింది. "ఒక్కో అట్టా ఒక్కో పని సేస్తాదని నువ్వే సెప్పినావు కదేటి. ఒకటి తప్పినా మిసను ఆగిపోద్దన్నావు. అందుకే ఒక్కదాన్నీ ఒగ్గనేదు."

అక్షరం పొల్లుపోకుండా నా మాటే. నాకు ఒళ్లు మండిపోయింది. కార్డు ఉబ్బితే యంత్రం మింగదు, మధ్యలో ఇరుక్కుంటుంది. చిల్లులు పొడిచే గదికి ఆ రోజు సెలవు. మర్నాడు ఎనిమిదింటికి తీస్తారు. మూడు గంటల్లో రెండు వందల నలభై కార్డులు పొడవడం నా తరం కాదు. ఇదంతా ఇల్లెగిరిపోయేలా అరిచి చెప్పాను.

"నీ సదువుకి మంచి జరగాలనే గదే" అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి నాకూ ఏడుపొచ్చింది గానీ కోపం తగ్గలేదు.

నాన్న ఒక కార్డుని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మంచి కార్డు మందం ఎంతుండాలమ్మా?"

"ఏడు థౌ," అన్నాను. అంగుళంలో వెయ్యో వంతుని వర్క్‌షాపులో థౌ అంటారు.

"ఎండబెట్టి, తుడిసి, ఇస్త్రీ సేద్దాం. ఆనక ఒక్కోటీ కొలుద్దాం. ఏడున్నవి ఉంచేసి, మీరినవే రేపు మళ్లీ పొడుసుకుందువు గాని."

"దేంతో కొలుస్తావు నాన్నా?"

ఆయన దేవుడి ముందున్న మైక్రోమీటరు వైపు చూశాడు. విల్‌ఫ్రెడ్ అనే ఫోర్‌మన్ రిటైరై వెళ్తూ ఆయన చేతిలో పెట్టిన వస్తువది. అమ్మ హడలిపోయింది.

"ఇయ్యాల పనిముట్టు ముట్టుకుంటావేటయ్యా!"

నాన్న లెంపలేసుకుని, మైక్రోమీటరు కళ్లకద్దుకుని, దాని మీది బొట్టు తుడిచేశాడు. "తప్పు మనది. మనమే సరిసేసుకోవాల," అని నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మా వరండాయే వర్క్‌షాపయింది. కార్డులన్నీ ఎండలో ఆరాక అమ్మ తుడిచింది, నేను ఇస్త్రీ చేశాను, నాన్న కొలిచాడు. పక్క క్వార్టరు తిమోతి మావయ్యా ఫిట్టరే. చూసిపోదామని వచ్చినవాడు కార్డులు వరస తప్పకుండా పేర్చే పనిలో కూర్చుండిపోయాడు.

"ఒరే దేముడూ, బోగీ సక్రానిక్కూడా ఇంత కొలత కొలిసినావేట్రా?"

నాన్న నవ్వుతూనే, "ఏడు. ఏడు. ఎనిమిదిన్నర, అది పక్కనెట్టు," అన్నాడు. సాయంత్రం టీ వేళకి తేలింది: ముప్పై ఒక్క కార్డులు పనికిరావు. మిగతావి పసుపుపచ్చగా ఉంటే ఉన్నాయిగానీ మందం మాత్రం ఏడే.

మర్నాడు చిల్లుల గది ముందు వరసలో నిలబడి ఆ ముప్పై ఒకటీ పొడిచేసరికి పదీ ముప్పావయింది. మాస్టారు పై కార్డు తీసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏమ్మా కోటేశ్వరీ, ప్రోగ్రాంకి పెళ్లి చేసి తెచ్చావా?"

తెలుగు తెలిసిన ఇద్దరు గొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. కార్డులు టకటకా లోపలికి పోతుంటే చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. ఆఖరి కార్డూ దిగింది. కాసేపటికి ప్రింటరు గరగరమంటూ వ్యాగన్లన్నిటినీ వరసగా అచ్చువేసింది.

కాగితం తీసుకుని సైకిలు మీద వర్క్‌షాపు గేటుకి వెళ్లిపోయాను. భోజనాల సైరన్ కూయగానే అందరికంటే ముందు నాన్న బయటికొచ్చాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

"ఆగిపోయిందేటమ్మా?"

"నేదు నాన్నా. నడిసింది."

కాగితం అందించాను. ఆయన దానికేసి చూడనే లేదు, గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"రాత్రి కన్ను మూతపడనేదమ్మా. నాను పూజ తప్పినందుకు నీ మిసను ఆగిపోద్దేమోనని."

నిన్నంతా నవ్వుతూ కొలిచిన మనిషి! అంత భయం కడుపులో పెట్టుకుని నాకోసం ఆ మైక్రోమీటరు పట్టాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తే చూడనీ అని నేనూ ఆయన పక్కనే ఆ మట్టిలో కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకున్నాను.