ఎడమ చెయ్యే కదా

దర్జీ మాస్టారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందని తెలిసి చూడటానికి వచ్చినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. "ఎడమ చెయ్యే కదా మాస్టారూ, అదృష్టవంతులు." ఆ అదృష్టం ఉతికి పడేసిన గుడ్డలా ఒళ్లో పడి ఉంటే, మాస్టారు దానికేసి చూసి తలూపేవారు. ఎంతమందితోనని వాదిస్తారు? నోరు కూడా అప్పుడప్పుడే దారిన పడుతోంది.

అసలు సంగతేమిటంటే, మాస్టారిది పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ల నాన్న వీపు విమానం మోత మోగించి తిండినీ రాతనూ కుడిచేతికి మార్చాడు గానీ, కత్తెర జోలికి రాలేదు. ఆ ఒక్క పనీ ఎడమచేతికే మిగిలింది. వాటానికి తగ్గట్టు కోసే అలుగులు తిరగేసి చేయించుకున్న కత్తెరతో ఆయన ఊళ్లో సగం మందికి చొక్కాలు కత్తిరించారు. ఆ సగం మందిలో ఒక్కరూ ఆ చేతి వంక చూడలేదు. అద్దంలో తమ వంకే చూసుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు ఏ చేత్తో తింటారని, ఏ చేత్తో రాస్తారని అడిగి, రెండింటికీ కుడి అనే జవాబు రాగానే బెంగలేదన్నాడు. కసరత్తులు చేయించే అమ్మాయి మాత్రం, పడిపోయిన చేతికి అలవాటైన పనేదో రోజూ పెట్టమని, వదిలేస్తే అది మరిచిపోతుందని చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక పని పెట్టనిచ్చేదెవరు? దాహం వేయకముందే నీళ్లు నోటి దగ్గరికి వచ్చేవి. గుండీ మీద వేలు వేస్తే కూతురు పరుగున వచ్చి పెట్టేసేది. పక్కింటాయన ఒక నూనె తెచ్చాడు, అది పనికిరాదని ఎదురింటాయన ఇంకోటి తెచ్చాడు. చెయ్యి నిగనిగలాడింది గానీ కదల్లేదు.

పరామర్శలు పెరిగి కూర్చోవడానికి చోటు చాలకపోయేసరికి, బావమరిది కన్ను ముందుగదిలోని కత్తిరింపు బల్ల మీద పడింది. అతగాడికి ఏ పనీ రాదు కాబట్టి అన్ని పనుల మీదా అభిప్రాయాలుండేవి. రేపే మనుషుల్ని పెట్టి బల్ల తీయించేస్తానని, అక్కడ సోఫా వేస్తే వచ్చినవాళ్లకు హాయిగా ఉంటుందని తేల్చేశాడు.

మాస్టారు బల్ల వంక చూశారు. ఆ బల్ల పోతే ఇక తాను దర్జీ కాదు, జనం చూసిపోయే వస్తువు.

"బల్ల ఉండనీరా," అన్నారు నాలుక కూడదీసుకుని.

"ఎందుకు బావా? కుడి చెయ్యి బంగారంలా ఉంది. కత్తిరించేవాడివైతే ఈపాటికి కత్తిరించవూ? నా ప్యాంటు గుడ్డ ఎన్నాళ్లుగా పడి ఉందో చూడు. నీది జబ్బు కాదు, బద్ధకం."

మాస్టారి భార్య అంతవరకూ ఓ మూల కాజాలు కుడుతూ కూర్చుంది. ఇప్పుడు లేచి ఆ ప్యాంటు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర తమ్ముడి చేతిలో పెట్టింది.

"నీ కుడి చెయ్యీ బంగారమే కదరా. నువ్వే కత్తిరించు."

ఇదో పెద్ద విద్యా అన్నట్టు అతను కత్తెర ఆడించాడు. అది గుడ్డను కొయ్యలేదు, నమిలింది. బలమంతా పెట్టేసరికి అంచు ఎలుకలు కొరికినట్టయింది.

"ఇదేం కత్తెరక్కా, మొద్దుబారిపోయింది."

"మొద్దుబారింది కత్తెర కాదు. అది ఎడమచేతి కత్తెర. మీ బావ పని చేసే చెయ్యి అదే."

కూర్చున్నవాళ్లందరూ మొదటిసారిగా ఆ చేతి వంక చూశారు. అదృష్టం మాట ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ ఆ చేతి నూనె తుడిచి, బల్ల మీద పెట్టి, వేళ్లను ఒక్కొక్కటే కత్తెరలోకి దూర్చింది. సాయం రాబోయిన కూతురిని చూపుతోనే ఆపి తానూ వెనక్కి జరిగింది.

కత్తెర మూయడం తేలికే, ఆ వేళ్లు ఎలాగూ ముడుచుకునే ఉంటున్నాయి. తెరవడమే గండం. మాస్టారు చెమటలు కక్కారు. చివరికి కింది అలుగును బల్లకు ఆనించి, భుజం బరువుతో నెట్టారు. కత్తెర కాస్త నోరు తెరిచి, మళ్లీ మూసింది. గోరంత కోత పడింది, అదీ గీత పక్కన.

"గీత తప్పింది బావా," అన్నాడు బావమరిది బిక్కమొహంతో.

"చూశాను," అన్నారు మాస్టారు ఆయాసపడుతూ. "ఇక ప్యాంటు కాదు, నిక్కరవుతుంది. బల్ల తీసేస్తే అదీ అవదు."

మర్నాడు సోఫా రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు నిలబడే పరామర్శించారు, కాళ్లు నొప్పెట్టి త్వరగా వెళ్లిపోయారు. వాళ్లు వదిలిపోయిన తీరికలో మాస్టారు బల్లకు ఆనుకుని బావమరిది నిక్కరు పని చూసుకున్నారు.