కవల గుడ్లగూబలు

మా ఇంట్లో ఇద్దరికీ నకిలీలే అన్నం పెడుతున్నాయి. అల్లుడు కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు, అమ్మాయి దొంగ నాణేలను పట్టుకుంటుంది. అతని పనితనం ఎవరూ కనిపెట్టకపోతే అతను గొప్ప, ఎవరూ కనిపెట్టలేనిది కనిపెడితే ఆవిడ గొప్ప. వాళ్ళిద్దరి మధ్యా నేను. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కి మోకాళ్ళు అరగదీసుకున్న దర్జీని.

భోజనాల దగ్గర అమ్మాయి నోరు తెరిస్తే చాలు, పాతకాలపు గ్రీకు నాణేలే. ఆ రోజుల్లో వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక్కటిచ్చేవారట. దెబ్బ దెబ్బకూ తేడా వస్తుంది కాబట్టి ఏ రెండు నాణేలూ ఒకేలా ఉండవట. దొంగలేమో అసలుదాని మీద అచ్చు తీసి, కరిగించిన వెండి పోస్తారట. కొట్టిన నాణెం, పోసిన నాణెం, వాటి గుట్టుమట్లూ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. అల్లుడైతే తల వంచుకుని ముద్ద మింగుతాడు. పాపం, గోడకు చెప్పినట్టే చెబుతోంది పిల్ల అనుకునేదాన్ని.

ఆ వారం మా ఇంటికి ఒక గుడ్లగూబ వచ్చింది. ఏథెన్స్ నగరం వెండి నాణెం. ఒక పక్క శిరస్త్రాణం పెట్టుకున్న దేవత, రెండో పక్క గుడ్లప్పగించి చూస్తున్న గుడ్లగూబ. అంచున చిన్న పగులు, సుత్తి దెబ్బకు వెండి విచ్చుకున్నట్టు. అది పాతవస్తువుల దుకాణం వాడిది. కొనాలనుకుంటున్నది మా పోస్ట్‌మ్యాన్ తాతయ్య. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఊరూరి నాణేలూ ఒక్కొక్కటిగా జీవితమంతా పోగుచేసుకున్నాడు. ఇప్పుడు ఆ పెట్టె మొత్తం దుకాణం వాడి చేతిలో పెట్టి, బదులుగా ఈ ఒక్క గుడ్లగూబను తెచ్చుకుంటాడట.

"మీ అమ్మాయి అసలుదంటే అసలుదే. ఇంకెవరినీ అడగను," అన్నాడు నాతో, అల్లుడు కట్టిన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

ఆ మాటకే అమ్మాయికి అన్నం సయించడం మానేసింది. నాణేన్ని రోజూ చూస్తోంది, తిప్పుతోంది, మళ్ళీ చూస్తోంది. "తప్పు దొరకడం లేదమ్మా. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. మనసు ఒప్పుకోలేదని చెప్పి ఒక మనిషి కోరికను ఎలా కాదంటాను?" అంది. దుకాణం వాడు పెట్టిన గడువు శుక్రవారం సాయంత్రం. తర్వాత ఇంకో బేరం ఉందట.

శుక్రవారం మధ్యాహ్నం నేను వంటింట్లో సొరుగులన్నీ బోర్లించి నా వెండి చెంచా కోసం వెతుక్కుంటున్నాను. రెండు రోజులుగా కనబడటం లేదు. కాకి ఎత్తుకుపోయిందేమోనని దాన్ని కూడా తిట్టాను. ఇంతలో అల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"అత్తయ్యా, కొంప మునిగింది."

అరచెయ్యి చాపాడు. అందులో రెండు గుడ్లగూబలు.

విషయం ఏమిటంటే, మర్నాడు వాళ్ళ పెళ్ళిరోజు. ఆ గుడ్లగూబంటే భార్యకు ముచ్చటని, దాని మీద పళ్ళకు తీసినట్టే అచ్చు తీసి, వెండి పోసి, మెడలో వేసుకునే బిళ్ళ చేద్దామనుకున్నాడు మహానుభావుడు. చేశాడు. నల్లగా పాతబడేలా రంగు తెప్పించాడు. తన పనితనం చూసుకుని మురిసిపోతూ రెంటినీ పక్కపక్కన పెట్టి గుడ్డతో తుడిచాడు. తుడిచాక ఏది ఏదో తెలియలేదు.

"నీది గుర్తుపట్టలేవా బాబూ?"

"గుర్తు పెడితే అందం పోతుందని పెట్టలేదు అత్తయ్యా."

నెత్తి కొట్టుకున్నాను. అమ్మాయి తాతయ్యనూ దుకాణం వాడినీ వెంటబెట్టుకుని సాయంత్రానికి వచ్చేస్తుంది. ఈలోగా అసలుదాన్ని తిరిగి బీరువాలో పెట్టకపోతే అతని పని అయిపోయినట్టే.

"తూకం వేద్దాం. పోత నాణేల తూకం తేడా వస్తుందంటుంది కదా," అన్నాను.

"తూకం కలిపేశాను," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"అంచున ఆకురాయి గీతలు?"

"పాలిష్ పట్టేశాను. బుడగల గుంటలు కూడా ఉండవు, నా పోత మిషను గాలంతా లాగేస్తుంది. అక్షరాల మూలలు మొద్దుబారతాయి అంటుంది కదా, అవీ చూశాను. రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి."

నేను అతని వైపు తేరిపార చూశాను. "అది చెప్పేదంతా నువ్వు వింటావా?"

"మీరూ వినరనుకున్నాను," అన్నాడు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ గండంలో కూడా నా కడుపు నిండినట్టయింది. గోడకు చెవులుంటాయంటే ఏమో అనుకున్నాను, మా గోడకు బుర్ర కూడా ఉంది.

అప్పుడే నాకు పగులు సంగతి గుర్తొచ్చింది. సుత్తి దెబ్బకు పడ్డ పగులు లోలోపలికి పోతుందని, పోతలో వచ్చిన పగులు గాడిలా ఉండి అడుగు తగులుతుందని అమ్మాయి ఎప్పుడో చెప్పింది. కానీ రెండు పగుళ్ళలోనూ నలుపే కనిపిస్తోంది, లోతు తెలియడం లేదు. సూది పెడితే గీత పడుతుంది. నా తలలో మిగిలిన నాలుగు వెంట్రుకల్లో ఒకటి పీకి ఇచ్చాను. వెంట్రుకతో ఏ వెండికీ గాయం కాదు.

అల్లుడు పళ్ళు చూసే దీపం కింద మొదటి నాణెం పెట్టి వెంట్రుక దింపాడు. దిగలేదు. కొస వంగిపోయింది.

"ఇది నాదే," అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. రెండోది తీశాడు. అందులోనూ వెంట్రుక దిగలేదు.

మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. వెంట్రుకదే తప్పేమోనని ఇంకోటి పీకించుకున్నాడు. అదీ అంతే. అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, పంట్లో సన్నటి పగులుంటే నా అచ్చు ముద్ద అందులోకి సరిగ్గా దిగదు. నా పనిలో పెద్ద తలనొప్పే అది. మరి ఈ పగులు నాకింత పొందిగ్గా ఎలా వచ్చింది? అది పగులైతే కదా! ఇదివరకే ఎవరో దీన్ని పోశారు. నేను దొంగకు దొంగను పోశాను."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోకాళ్ళు గుర్తొచ్చి ఆగాను. పిల్ల మనసు ఒప్పుకోకపోవడం ఊరికే కాదన్నమాట! ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది.

"మరి ఇది చెప్పాలంటే నువ్వు చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి కదా బాబూ."

"చెప్పాలి," అన్నాడు నీరసంగా. "పరాయి వాళ్ళ వస్తువు మీద చెయ్యి వేశానని తెలిస్తే నన్ను ఇంట్లో ఉంచుతుందా?"

"ఉంచకపోతే నాతో పాటు వంటింట్లో ఉందువుగానిలే."

సాయంత్రం అందరూ వచ్చారు. తాతయ్య తన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, మూత మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. దుకాణం వాడు కాలు ఊపుతున్నాడు. మా అమ్మాయి మొహం వాడిపోయి ఉంది.

"తాతయ్యా, నాకు కనిపించినంతలో తప్పేమీ..." అని మొదలుపెట్టింది.

అల్లుడు లేచి రెండు గుడ్లగూబలనూ బల్ల మీద పెట్టాడు.

అమ్మాయి ఒకటి చూసింది, రెండోది చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. "ఏమండీ!" అంది. ఆ ఒక్క మాటకు కిటికీ అద్దాలు అదిరాయి. అల్లుడు ఏమీ దాచకుండా చెప్పాడు. పెళ్ళిరోజు బిళ్ళ, అచ్చు, గుడ్డతో తుడవడం, వెంట్రుక, అన్నీ. దుకాణం వాడు పైకి లేచి, "నా వస్తువుతో ఆటలా?" అని కేకలేశాడు. అమ్మాయి వాడి వైపైనా చూడలేదు.

"అమ్మా, వెంట్రుక."

అడగటమెందుకు, అదే వచ్చి పీక్కుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేంత గట్టిగా. దీపం కిందికి వంగి ఒక పగులులో దింపి చూసింది, రెండో దాంట్లో దింపి చూసింది. కాసేపటికి దాని భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. బల్ల పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఒకరి వస్తువును గుచ్చి చూడకూడదని ఊరుకున్నాను. వెంట్రుకతో చూడొచ్చని నాకు తట్టలేదే! తాతయ్యా, ఇది పోసిన నాణెం. కొనకండి."

దుకాణం వాడి కేకలు తగ్గిపోయాయి. తననూ ఎవరో మోసం చేశారన్నాడు. నిజమో కాదో వాడికే తెలియాలి. తాతయ్య మాత్రం పెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. కోరిక తీరలేదని బాధపడతాడేమోనని నేను భయపడుతుంటే, ఆయన మొహం వెలిగిపోయింది.

"పొద్దున వీటన్నిటికీ వెళ్ళొస్తానని చెప్పుకుని ఏడ్చానమ్మా. మాటిచ్చాక వెనక్కి ఎలా పోవాలో తెలియక వచ్చాను. బతికించావు!" అన్నాడు. నవ్విన నవ్వుకు పైపళ్ళ సెట్టు జారితే, అల్లుడే పరుగున పోయి సర్దాడు.

"అంతా బాగానే ఉంది, ఇందులో నాదేది?" అన్నాడు దుకాణం వాడు.

అందరం మళ్ళీ గతుక్కుమన్నాం. దొంగలిద్దరూ దొరికారు సరే, ఏ దొంగను ఏ ఇంటికి పంపాలి? అమ్మాయి నన్ను దారం అడిగింది. ఒక్కో నాణేన్నీ దారంతో కట్టి, గ్లాసు నీళ్ళలో ముంచి తూచింది. గాలిలో ఒకే తూకం ఉన్నవి నీళ్ళలో వేరయ్యాయి.

"ఇది మంచి వెండి, వచ్చిన రోజే నీళ్ళలో తూచాను. దుకాణానిది," అని ఒకటి వాడి చేతిలో పెట్టింది. వాడు సెలవైనా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. అమ్మాయి రెండోది ఎత్తి చూపింది. "ఇందులో రాగి ఎక్కువ, అందుకే నీళ్ళలో తేలికైంది. చెంచాలకూ గిన్నెలకూ వాడే వెండి ఇది."

నేను అల్లుడి వైపు తిరిగాను. అతను ఇంటి కప్పును చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"చెంచాలకా?" అన్నాను.

"కొత్తది కొనిద్దామనే అత్తయ్యా..."

"కాకిని తిట్టాను కదయ్యా, పాపం!"

అది మామూలు చెంచా కాదు. మా అమ్మాయికి పసితనంలో పాలు పట్టిన చెంచా. అరిచి గోల చేద్దామనే నోరు తెరిచాను. అమ్మాయి అప్పటికే ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నిమురుతోంది. ఎన్నేళ్ళ కిందటో అదే చెంచాను రెండు చేతులా పట్టుకుని నోట్లోంచి వదిలేది కాదు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

మర్నాడు అల్లుడు దానికి కొక్కెం అతికాడు, నేను పట్టుదారం పేని ఇచ్చాను. అప్పటినుంచి ఆ గుడ్లగూబ మా అమ్మాయి మెడలోనే ఉంది. అమ్మాయి చేసే పని తెలిసిన వాళ్ళందరూ మొదట ఆ బిళ్ళ గురించే అడుగుతారు, "అసలుదేనా?" అని. ఇన్నేళ్ళలో ఒక్క దొంగ నాణేన్నీ వదలని మనిషి, ఏ మాత్రం తడుముకోకుండా "అసలుదే" అంటుంది. పక్కనే ఉన్నా నేను కాదనను.