ఒక్క టేకులో ఏడుపు

నిషివాకి గారి ఇంటికి నేను పోట్లాడటానికే వెళ్లాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇదంతా విన్నాక నేనేదో మంచిదాన్నని ఎవరూ అనుకోకూడదు.

మేముండేది దేశం కాని దేశంలో, సెంగ్‌కాంగ్‌లో. మా ప్రణవికి ఏడేళ్లు. పోయిన సెలవుల్లో ఇక్కడివాళ్లు తీస్తున్న ఒక చిన్న సినిమాలో దానికి వేషం దొరికింది. నాన్న పడవ ప్రమాదంలో పోయాడని తెలిసి పిల్ల ఏడవాలి. పొద్దుట్నుంచీ పదకొండు టేకులు తీశారు. మా పిల్ల మొహం ముడుస్తోంది గానీ కంట్లో చుక్క నీరు లేదు. డైరెక్టరమ్మాయి నన్ను పక్కకు పిలిచి, “ఆంటీ, మీరే ఏదో ఒకటి చెప్పి చూడండి,” అంది.

ముప్పై అయిదేళ్లకే ఆంటీనయినందుకు వచ్చిన కోపం దిగమింగుకుని, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ వారం మావారు ఆకాష్ ఆఫీసు పని మీద జకార్తా వెళ్లాడు. కట్టుకున్నవాడి గురించి ఆ మాట నోటితో ఎలా అనడం? చెడ్డమాట నోట్లోంచి వస్తే పైన తథాస్తు దేవతలు వింటారని మా అమ్మ మూతి మీద కొట్టేది. అందుకని ఇంగ్లీషులో చెప్పాను. దేవతలకు ఇంగ్లీషు రాదని ధీమా కాబోలు. డాడీ ఎక్కిన విమానం కూలిపోయిందని, ఇంక రాడని, చెవిలో మెల్లగా చెప్పాను.

తెలుగులో చెప్పుంటే అది నమ్మేది కాదేమో. అది అలిగేదీ నిద్రలో పలవరించేదీ ఇంగ్లీషులోనే, ఇక్కడివాళ్ల మాదిరి మాట చివర ‘లా’ తగిలించి. నాకది పైపై మాట, దానికి అసలు మాట. ఒక్క టేకులో షాట్ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే ఆకాష్‌కి వీడియో కాల్ కలిపి చూపించాను. ప్రణవి తెర మీద వాళ్ల నాన్న మొహాన్ని వేలితో తడుముతూ చాలాసేపు వెక్కింది. ఎందుకేడుస్తోందని అతనడిగితే యాక్టింగ్ అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

రెండు నెలలకు కబురొచ్చింది. సంగీతం చేస్తున్న నిషివాకి అనే జపాన్ పెద్దమనిషి ఆ షాట్‌కి సంగీతం కట్టనంటున్నాడట. అది తీసేస్తేనే పని చేస్తానంటున్నాడట. నాకు ఒళ్లు మండింది. వాకబు చేస్తే, ఆయన చిన్నప్పుడు వాళ్ల దేశంలో బాగా పేరున్న బాలనటుడని తెలిసింది. తను పేరు తెచ్చుకుని నా కూతురికి అడ్డుపడతాడా అని శనివారం పొద్దున్నే క్లెమెంటిలో ఆయనుండే ఇంటికి ట్రైనెక్కాను.

అరవై దాటిన మనిషి. గదిలో ఒక పియానో, ఒక కుర్చీ, కిటికీ దగ్గర ఆరేసిన చొక్కాలు. నాకు కుర్చీ ఇచ్చి ఆయన పియానో ముందున్న స్టూలు మీద కూర్చున్నారు. నేను అనాలనుకున్నవన్నీ అనేశాను. పూర్తిగా విని, “పాపకి ఏం చెప్పారు?” అని అడిగారు.

నేను కిటికీ దగ్గరి చొక్కాల వైపు చూశాను.

“పన్నెండో టేకులో ఆ పిల్ల నటించడం లేదు. ఆ ఏడుపు నాకు తెలుసు,” అన్నారు.

తర్వాత తన సంగతి చెప్పారు. ఆరేళ్లప్పుడు ఒక టీవీ సీరియల్లో ఏడవాల్సి వస్తే, మీ నాన్న పోయాడని వాళ్లమ్మే చెవిలో చెప్పిందట. బ్రహ్మాండంగా ఏడ్చాడట. అప్పట్నుంచి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఏడవమన్నప్పుడల్లా తనే నాన్న శవాన్ని తలుచుకునేవాడు. అలా ఎనిమిదేళ్లు, యాభైసార్లో అరవైసార్లో.

“నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆయన నిజంగానే పోయారు. పక్కనే కూర్చున్నాను. అప్పటికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. చుట్టాలు చూస్తున్నారని కాసేపు ఏడ్చాను. బాగానే ఏడ్చాను.”

ఆ తర్వాత మళ్లీ కెమెరా ముందుకు వెళ్లలేదట. సంగీతం నేర్చుకున్నారు. “పిల్లలు ఏడవాల్సిన చోట నా పియానో ఏడిస్తే సరిపోతుందని నా ఆశ. నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే,” అన్నారు.

“తర్వాత మీ అమ్మగారు ఏమీ అనలేదా?” అని అడిగాను.

“మెచ్చుకుంది,” అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. స్టేషన్లో నిలబడే డైరెక్టరమ్మాయికి ఫోన్ చేసి ఆ షాట్ తీసేయమన్నాను. సణిగింది గానీ ఒప్పుకుంది. పిల్లకు క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లలకు సారీ చెప్పడం నేనెన్నడూ వినలేదు.

ఇంటికొచ్చేసరికి ఆకాష్ సోఫాలో కూర్చుని ప్రణవికి కమలాపండు వలుస్తున్నాడు.

“నువ్వు ఏడ్చిన షాట్ తీసేస్తున్నారమ్మా. నేనే తీసేయమన్నాను,” అని మొదలుపెట్టాను. మిగతాది చెప్పేలోపే దాని మొహం చిన్నబోయింది.

“వై, మమ్మీ? నేను బాగా ఏడవలేదా? మళ్లీ చేస్తా, చూడు లా.”

లేచి గది మధ్యలో నిలబడి తల వంచుకుంది. పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. కళ్లు నిండి నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. చప్పుడు లేదు. ఆకాష్ నవ్వి, “అబ్బో! ఏం తలుచుకున్నావు బంగారం?” అన్నాడు.

ప్రణవి నాకేసి చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. దాచమని నేనెప్పుడూ అనలేదు. ఈ రెండు నెలలూ తనంతట తనే దాచింది.

అప్పుడు నేనే చెప్పాను. ఏం చెప్పి ఏడిపించానో మొత్తం చెప్పాను. ఆకాష్ పిల్లను దగ్గరికి లాక్కుని గడ్డం తుడిచి, “ఇంకెప్పుడూ నన్ను తలుచుకుని ఏడవకూడదు, సరేనా?” అన్నాడు.

సరేనని తలూపింది. కాస్సేపు ఆలోచించింది.

“దెన్ ఎవర్ని తలుచుకోవాలి, డాడీ?” అని అడిగింది.