ఫ్లెక్సీ మీది వీపు

హనుమండ్లు నోరు మూయించడం పెద్దపల్లి జిల్లాలో ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. పోలీసులవల్ల కాలేదు, పళ్ల డాక్టరువల్ల కాలేదు. సిమెంటువల్ల కూడా కాదని తేల్చింది మాత్రం కరీంనగర్ నుంచి వచ్చిన యుమ్నా.

యుమ్నా బొమ్మలు చేసే పిల్ల. వాళ్ల అబ్బాకు కరీంనగర్‌లో చెప్పుల దుకాణం ఉంది. ఈమె మాత్రం హైదరాబాద్ పోయి శిల్పం చదివి, దేవుళ్ల బొమ్మలు, నాయకుల బొమ్మలు వదిలేసి, కష్టం చేసిన మనుషుల ఒంటి మీద పడింది. ముందు ఫోటో తీస్తుంది. తర్వాత ఒంటికి వాజలీన్ పూసి, విరిగిన కాలికి ఆసుపత్రిలో చుట్టే సిమెంటు పట్టీ లాంటిదే తడిపి పరుస్తుంది. గట్టిపడ్డాక ఊడదీస్తే అది అచ్చు. అచ్చులో పోత పోస్తే బొమ్మ. మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల చేతులు తీసుకుంది. నస్పూర్‌లో ఒకాయన భుజాలు తీసుకుంది. ఇక వ్యవసాయం చేసే ఒళ్లు కావాలని ఈ ఊరొచ్చి, రామవ్వ ఇంటి ముందు గదిలో దిగింది.

ఊరి మగవాళ్లు తలలకు నూనె రాసుకుని వరస కట్టారు. అందరికీ మొహాలే కావాలి. అందరికంటే ముందు కూర్చున్నవాడు హనుమండ్లు. పట్టీ ఆరేదాకా కదలొద్దు, మాట్లాడొద్దు అని యుమ్నా చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపాడు. పట్టీ సగం ఆరిందో లేదో, వెనకటికి గోదావరి వరదలో తాను మొసలి మీద కూర్చుని మంచిర్యాల చేరిన సంగతి గుర్తొచ్చింది. గడ్డం దగ్గర పెళ్లుమంది. యుమ్నా మళ్లీ వేసింది. ఈసారి మొసలి ఆడదా మగదా అన్నది చెప్పాల్సి వచ్చింది. చెంప దగ్గర పగిలింది. ఆ పిల్ల దండం పెట్టి, "తాతా, మోకాలు ఇయ్యి, చాలు" అంది. మోకాలికి నోరు లేదు కనుక అచ్చు చక్కగా వచ్చింది.

అంత ముందు కూర్చుని మోకాలు ఇచ్చి వచ్చానని ఎలా చెప్పుకుంటాడు? "అసలైనదే తీస్కున్నది. అదేందో ఇప్పుడే చెప్పద్దన్నది" అని ఇంటా బయటా ఊరించాడు.

ఆయన భార్య కిష్టవ్వ ఆ మాట నమ్మలేదు. ఆమె పెళ్లైన కొత్తలోనే నమ్మడం మానేసింది.

మరునాడు కిష్టవ్వ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రామవ్వ ఇంటి ముందు నుంచి పోతుంటే యుమ్నా వెంటపడింది.

"పెద్దమ్మా, మీ ఈపు ఇస్తరా?"

"ఈపెందుకు బిడ్డా? మొఖానికేమైంది?"

"మొఖాలు మస్తుగొచ్చినయ్. ఇట్లాంటి ఈపు నాకు యాడ దొర్కలే."

కిష్టవ్వకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన వచ్చింది. అద్దంలో మొహం చూసుకుంది, నీళ్లలో కాళ్లు చూసుకుంది, కానీ పుట్టినప్పటి నుంచి తన వెంటే తిరుగుతున్న ఆ వీపును ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. అదెట్లా ఉంటుందో!

తలుపు గొళ్లెం పెట్టించింది, కిటికీకి దుప్పటి కట్టించింది, ఆ పైన రామవ్వ పిల్లిని కూడా బయటికి పంపించింది. అప్పుడు గానీ రవిక విప్పలేదు. ఫోటో అయ్యింది. యుమ్నా పట్టీ పరిచింది. ఆరేటప్పుడు పట్టీ వెచ్చబడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ వెచ్చదనం వెన్నుపూసల్లోకి దిగి, ఒక్కో ఎముకనూ పేరుపెట్టి పిలిచి పడుకోబెట్టింది. కిష్టవ్వ గురకకు ఈ అచ్చు కూడా పగులుతుందేమోనని యుమ్నా గోడకు ఆనుకుని వణికింది. ఈ అచ్చు మాత్రం నిలబడింది.

"పేరు రావద్దు బిడ్డా" అంది కిష్టవ్వ లేచాక. "మా ముసలోనికి అస్సలే తెల్వద్దు. ఆయనకు చెప్పినా, మైకుల చెప్పినా ఒక్కటే."

"అల్లా కసమ్ పెద్దమ్మా, మీరు చెప్పేదాక నేను చెప్ప."

కొన్నాళ్లకు కరీంనగర్‌లో ప్రదర్శన పెడుతున్నట్టు యుమ్నా ఫోన్లకు ఆహ్వానం పంపింది. దాని మీద ఒక వీపు ఫోటో. వంగిన వీపు, పక్క నుంచి పడ్డ వెలుగులో దుక్కి దున్నిన చేను లాగా ఉంది. తల లేదు, జుట్టు లేదు, ఆడో మగో పోల్చే వీల్లేదు, కింద ఊరి పేరు మాత్రం ఉంది. వరసకు బామ్మర్ది అయ్యే సదానందం ఆ ఫోన్ పట్టుకుని నేరుగా హనుమండ్లు ఇంటికొచ్చాడు. కిష్టవ్వ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"బావా, గీ కుస్తీ పైల్మాన్ ఎవడే? మన ఊరోడేనట!"

హనుమండ్లు ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. కళ్లల్లో దీపాలు వెలిగాయి.

"గుర్తుపట్టలేదారా? నేనే!"

కిష్టవ్వ చేతిలో రాయి చేటలోనే పడిపోయింది.

"నువ్వా?" అన్నాడు సదానందం. "నీకు గంత ఈపెక్కడిదే?"

"ముంగట్నుంచి చూస్తే ఏం కనవడ్తది? బాయిల పడ్డ ఎద్దును ఎవడు మోసుకొచ్చిండనుకున్నవ్? ఈపు మీద ఎద్దు, కొమ్ముకు నీళ్ల కుండ. ఎక్కంగ ఎక్కంగ ఎద్దుకు దూపైతే, కుండల నీళ్లు తాపుకుంట పైకి తెచ్చిన!"

కిష్టవ్వకు రెండు దారులే. కాదంటే, మరి ఎవరిదని అడుగుతారు. తనదంటే, ఆడమనిషి రవిక విప్పి ఫోటో దిగిందని ఊరు నవ్వుతుంది. ఆమె బియ్యంలో రాళ్లు వదిలేసి బియ్యం ఏరిపారేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఊరి యూత్ పిల్లలు బస్సులు ఆగే చోట పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇంటి తలుపంత వీపు, దాని కింద 'మన ఊరి ఉక్కు వీపు శ్రీ హనుమండ్లు గారికి శుభాకాంక్షలు', చుట్టూ నల్లద్దాలు పెట్టుకున్న యూత్ పిల్లల మొహాలు. పొద్దున బర్రెను తోలుకొస్తూ చూసిన కిష్టవ్వ, ఎవరో కొంగు లాగినట్టు రెండు చేతులతో కొంగును వీపు చుట్టూ బిగించుకుంది. తర్వాత ఎవరూ లేరని చూసుకుని దగ్గరికి పోయింది.

ఇదా నేను!

భుజాల మధ్య ఎంత జాగా! ఇంత వెడల్పు తనలో ఉందని తెలియక ఇన్నేళ్లు రైలులో ఒదిగి ఒదిగి కూర్చుంది. ఎడమ పక్క ఒక పుట్టుమచ్చ కూడా ఉంది. చూస్తుండగానే ఒక మేక వచ్చి ఫ్లెక్సీకి ఒళ్లు రుద్దుకుంది. "పో! నా ఈ..." అని అరవబోయి నోరు మూసుకుంది.

ఆ రోజు నుంచి హనుమండ్లుకు హోటల్‌లో చాయ్ ఊరికే వచ్చింది. నడక మారింది. జనానికి మొహం చూపించడం మానేసి వెనక్కి తిరిగి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయంత్రం బోర్లా పడుకుని భార్యను పిలిచేవాడు.

"ఏమే, జర నూనె రాయి. ఇది ఇప్పుడు ఒక్క మనదే గాదు, ఊరిది."

"రాస్త, రాస్త" అని కిష్టవ్వ రొట్టెల పిండి పిసికినట్టు పిసికేది. "నొస్తుందా ఉక్కు ఈపుకు?"

"ఏయ్... అబ్బా... నొయ్యదు!"

మొదట్లో ఆమెకు సిగ్గు. తర్వాత నవ్వు. ఇప్పుడు కడుపులో మంట. తన వీపు ఊరేగుతుంటే తాను పక్కన నిలబడి నూనె రాయాలా?

ప్రదర్శన చివరి రోజు ఊరంతా డీసీఎం వ్యాను ఎక్కి కరీంనగర్ పోయింది. బొమ్మ ఎవరిదైతే వాళ్లు ఆ రోజు దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చని యుమ్నా కబురు పెట్టింది. హాల్లో గోడలకు ఫోటోలు, బల్లల మీద బొమ్మలు. ప్రతి బొమ్మ పక్కనా దాని అచ్చు కూడా ఉంది. చూసేవాళ్లు తమ చేతిని బొగ్గుబాయి కార్మికుడి చేతి అచ్చులో పెట్టి చూసుకోవచ్చు. పిల్లలు ఇతరుల భుజాల్లో దూరుతున్నారు, ఒక మాస్టారు ఎవరిదో చెవిలో చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. హాలు మధ్యలో వీపు. పక్కనే కర్ర చట్రానికి బిగించి నిలబెట్టిన దాని అచ్చు, తెరిచిన సొరకాయ బుర్రలాగా.

సదానందం అచ్చు చూశాడు, బావను చూశాడు, మీసం దువ్వుకున్నాడు.

"బావా, ఒక్కపారి ఒరుగు. కండ్లారా చూసి పోత."

"ఊకె ఎందుకురా... దశమి దాక అంగీ ఇప్పనని మొక్కుకున్న."

"దేవునితో నేను మాట్లాడ్త. ఇప్పుండ్రిరా!"

యూత్ పిల్లలే ముందుకొచ్చి అంగీ విప్పారు. హనుమండ్లు వెనక్కి నడిచి అచ్చులోకి ఒరిగాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే లోపలికి పోయాడు. గంపలో కోడిపిల్లను వేసినట్టయింది. ఆ పక్కా ఈ పక్కా ఇంకో ఇద్దరు పడతారు. వెంటనే ఊపిరి బిగబట్టి ఛాతీ, చెంపలు, కళ్లు అన్నీ ఉబ్బించాడు. క్షణం సేపు నిండినట్టే కనిపించింది. ఊపిరి వదలగానే జర్రున కిందికి జారి, అచ్చు పక్క అంచు మీద గడ్డం ఆనించి ఆగాడు.

"బావా, ఈపు ఊర్ల మర్చిపొయ్యొచ్చినవా?"

"తేమకు... తేమకు అచ్చు ఉబ్బిందిరా!"

హాలంతా ఘొల్లుమంది. యుమ్నా దుపట్టా నోట్లో కుక్కుకుంది. హనుమండ్లు ఆ జనంలో భార్య కోసం వెతికాడు. ఏదో ఒకటి చెప్పి కాపాడమన్నట్టు చూశాడు. కిష్టవ్వ కాపాడేదేమో కూడా. కానీ సదానందం నోరు ఊరుకోలేదు.

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఇది మన ఊరోళ్లది గానే గాదు. ఎవడో హైదరాబాద్ పైల్మాన్‌ను తెచ్చి, మన ఊరి పేరు చెప్తున్నరు. పాండ్రి, పోదాం."

మొగుడు తీసుకున్నాడంటే వీపు ఇంట్లోనే ఉంటుంది. ఊరూ పేరూ లేని పైల్మాన్ తీసుకుపోతే? కిష్టవ్వ కాళ్లు ఆమెను అడగకుండానే లేచాయి.

"జరుగు" అంది మొగుడితో.

"నువ్వెందుకే?"

"జరుగయ్యా!"

కొంగు చుట్టుకుని, చీర మీదనే వెనక్కి ఒరిగింది. అచ్చు ఆమెను అందుకుంది. భుజాలు భుజాల్లోకి, వెన్ను వెన్నులోకి. సొంత మంచం మీద పడుకున్నట్టు ఆమె మెడ కొద్దిగా వెనక్కి వాలింది. సందు లేదు, జారడం లేదు. ఒక సూది పెట్టినా దూరదు.

అందరికన్నా ముందు నవ్వింది రామవ్వ.

"నేను ఫ్లెక్సీ చూసిన్నాడే అనుకున్న అక్కా! పొద్దుమీకి మోపులు మోసుకొచ్చేటప్పుడు పొలం ఒడ్డు మీద నీ ఎనకనే గద నడిచేది. నీ ఈపు నాకు తెల్వదా? నువ్వు చెప్తవేమోనని కడుపుబ్బరంగ చూస్తున్న!"

"నీ ఇల్లు బంగారంగాను, నాకొక్క మాట చెప్పకపోతివి!"

"నువ్వు చెప్పినవా నాకు?"

ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే కిష్టవ్వకు సిగ్గు ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. యూత్ పిల్లలు ఏం చేయాలో తెలియక చప్పట్లు కొట్టారు. హనుమండ్లు అంగీ చేతిలో పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. ఆ నోట్లోంచి మాట రాకపోవడం చూసి యుమ్నా మళ్లీ పట్టీ తడుపుకొద్దామా అనుకుంది. అంత సమయం ఇవ్వలేదు ఆయన.

"అయితే ఏందిరా? గా ఈపు గట్ల తయారైందంటే ఎవలవల్ల? ఇన్నేండ్లు మోపులు నెత్తికెత్తింది నేనే గాదా?"

"ఎత్తినవ్" అంది కిష్టవ్వ అచ్చులోంచి బయటికి వస్తూ. "ఎత్తి, సుట్ట ముట్టించుకొని ఒడ్డు మీద కూసున్నవ్. ఇయ్యాల నేనెత్తుత. ఒంగు."

"గిదంతా నేనా? నా నడుము..."

"ఒంగు బావా!" అన్నాడు సదానందం పరమానందంగా.

రామవ్వ ఒక పక్క, కిష్టవ్వ ఒక పక్క పట్టి ఆ బొమ్మను హనుమండ్లు వీపుకెత్తారు. తువ్వాలతో ఛాతీకి కట్టారు. ఆయన మూలుగుతూ హాలు దాటి, డీసీఎం నిలిపిన చోటికి కరీంనగర్ బజారంతా నడిచాడు. వెనక నుంచి చూస్తే ఆయన కనిపించడం లేదు. ఒక గొప్ప వీపుకు రెండు పుల్లల్లాంటి కాళ్లు మొలిచి పోతున్నాయంతే.

పండ్ల బండి దగ్గర ఒకాయన ఆపాడు. "ఏంది తాతా గది?"

హనుమండ్లు నోరు తెరిచాడు. ఎద్దులు, రైళ్లు, ఏనుగులు అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. పక్కన నడుస్తున్న కిష్టవ్వ వైపు చూశాడు. ఆమె జామకాయ ఏరుకుంటూ, విననట్టే వింటోంది.

"మా ఇంటామె ఈపు" అన్నాడు.

పండ్లాయన బొమ్మను చూశాడు, ముసలాయనను చూశాడు.

"పో తాతా! గంత ఈపు ఆడమనిషిదా? గప్పాలు కొట్టకు."

"అరే, నిజమేనయ్యా! ఒట్టు! గిదో, గీమెదే!" హనుమండ్లు గుండ్రంగా తిరిగాడు. వీపు కూడా ఆయనతో తిరిగి బండి మీది సంత్రా పండ్లను రోడ్డు మీదికి దొర్లించింది. "కిష్టవ్వా, చెప్పవే! నిజం చెప్తే నమ్ముతలేడు!"

కిష్టవ్వ సంత్రాల వెంట పరుగెత్తుతూ, నవ్వు ఆపుకోలేక, ఒక్క మాట కూడా చెప్పలేకపోయింది.