ముసల్దానికి రంగు

షేడ్ కార్డు మా భోజనాల బల్ల మీద ఇరవై మూడు రోజులు ఉంది. అందులో నూట పన్నెండు రంగులున్నాయి. ఒక్కోటీ వేలిగోరంత ముక్క, కింద ఒక నంబరు. ఆ నంబర్లలో సగం నాకు కంఠతా వచ్చేశాయి. ఇంత శ్రద్ధ చదువుకునే రోజుల్లో పెట్టి ఉంటే ఈపాటికి ఏ డాక్టరునో అయ్యుండేదాన్ని. ఆ శ్రద్ధంతా ఎందుకంటే, మా ఆయన ఏ రంగు మీద వేలు పెట్టినా దానికి ఒక వంక పెట్టాల్సిన బాధ్యత నాది.

రంగు వేయాల్సింది ముసల్దానికి. ముసల్ది అంటే మా మోటార్‌హోమ్. రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక మడత బల్ల, తిరిగితే మోచేతులు గోడలకు తగిలే స్నానాల గది, ఇవన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే పాత బండి. మా ఆయన ముప్పై ఒక్కేళ్లు దూరప్రాంతాల బస్సు నడిపారు. రిటైరైన వారానికే దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనేశారు. "ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందర్నీ తిప్పాను, ఇక నిన్ను తిప్పుతాను" అన్నారు. తిప్పారు కూడా, పదమూడేళ్లు. పొద్దున్నే నాలుగుసార్లు దగ్గితే గానీ కదలదని దానికా పేరు ఆయనే పెట్టారు. ఆయన ఫోన్లో "మా ముసల్ది ఇవాళ కదలనంటోంది" అనడం, అవతలివాళ్లు నాకేదో అయిందని కంగారుపడటం మాకు మామూలే.

అది వచ్చినప్పుడు మీగడ రంగులో ఉండేది. నడుం చుట్టూ ముదురు గోధుమరంగు గీత, దాని కింద నారింజ గీత. రానురానూ మీగడ పసుపు తిరిగింది, గీతలు వెలిసిపోయాయి, అంచుల దగ్గర పొక్కులు లేచాయి. దానికి రంగు అవసరమన్న మాట వరకూ నిజమే. అబద్ధం కంటి ఆసుపత్రిలో మొదలైంది.

ఆ రోజు ఆయన కళ్లలో చుక్కలు వేసి, కళ్లు మూసుకోమని బయట కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరమ్మ నన్నూ మా అమ్మాయినీ లోపలికి పిలిచి ఒక కాగితం చూపించింది. గుండ్రంగా ఒక బొమ్మ. నడిమధ్య కాస్త తెలుపు, చుట్టూ అంతా నలుపు. ఎదురుగా ఉన్నది ఆయనకి బాగానే కనిపిస్తుంది, పక్కలు పోయాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టే లెక్క అంది. పోయింది తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట.

"ఇక బండి నడపకూడదు. ఆయనకి నన్ను చెప్పమంటారా, మీరు చెప్తారా?" అని అడిగింది.

నా నోరు ఊరుకుంటుందా? "నేను చెప్తాలెండి. నేను చెప్తేనే వింటారు" అన్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నా మాట విన్న సందర్భాలు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి. ఆ మాట ఎందుకన్నానో, ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

నల్లద్దాలు పెట్టుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ ఆయన అడిగారు. "ఏమంటుంది డాక్టరు?"

చెప్పాలనే నోరు తెరిచాను. "చుక్కలు మానకుండా వేసుకోమంది. ఆరు నెలలు చూద్దామంది" అన్నాను. అమ్మాయి నా వైపు గుడ్లురిమి చూసింది. ఆయన మాత్రం తేలిగ్గా ఊపిరి వదిలి, "అయితే వచ్చే నెల సరస్సుకి పోదాం, ఎండలు ముదరకముందే" అన్నారు. ముసల్దాన్ని కొన్నాక మేం మొదటిసారి వెళ్లింది ఆ సరస్సుకే.

"ఆ వెలిసిపోయిన బండిలో నేను రాను. ముందు దానికి రంగు వేయించండి" అన్నాను.

అదీ సంగతి. రంగు వేసేదాకా బండి కదలదు. ఏ రంగో తేలేదాకా వేయడం మొదలవ్వదు. తేలకుండా చూసుకోవడం నా చేతిలో పని. ఈలోగా మంచి పూట చూసి మెల్లగా చెప్పేద్దాం అనుకున్నాను.

పెయింటరు మాట కరుకు, పని శుభ్రం. వచ్చిన రోజే బండి చుట్టూ తిరిగి, గోటితో పొక్కులు గీకి చూసి, "రెండు రంగులు చాలు సార్. కింద ముదురు వేద్దాం, బురద కనబడదు. పైన లేత వేద్దాం, లోపల వేడెక్కదు. మధ్యలో సన్నగా ఒక గీత" అని తేల్చేశాడు. బండి వెనక భాగంలో అరచేతంత చదరాలు గీసి, ఆరు రంగులు పూసి చూపించాడు. మా ఆయన వాటి ముందు నిలబడి, మెడ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఒక్కొక్కటే చూశారు. ఒకప్పుడు రోడ్డు మీద నుంచి దృష్టి తియ్యకుండానే బస్సు అద్దాలు మూడూ చూసిన మనిషి. పెయింటరు ఆ మెడ తిప్పడం గమనించలేదు. నేను గమనించాను.

నీలం బాగుందన్నారు. ఎండకి ఏడాదిలో వెలుస్తుందన్నాను. పచ్చ అన్నారు. చెట్ల మధ్య నిలబెడితే కనబడక ఎవడో వచ్చి గుద్దుతాడన్నాను. ఎరుపంటే ఫైరింజన్ అనుకుంటారు, తెలుపంటే అంబులెన్సు అనుకుంటారు, నలుపైతే లోపల మనం ఉడికిపోతాం, బూడిదరంగుది ఏడుపు మొహం. చివరికి షేడ్ కార్డు తిరగేసి మెరూన్ చూపించారు.

"ఇది నీ శాలువా రంగే కదా. దీనికేం వంక పెడతావు?"

"అందుకే వద్దు. నా శాలువా తీసి దానికి కప్పినట్టుంటుంది."

పెయింటరు బ్రష్షు డబ్బాలో పడేసి, "అమ్మగారూ, మీ బండికి రంగు కుదిర్చేలోపు నేను నాలుగు ఇళ్లు వేసి రాగలను" అన్నాడు. వేసి రా నాయనా, అదే కావాలి నాకు అని మనసులో అనుకున్నాను.

అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేసేది.

"చెప్పావా?"

"చెప్తానే."

"ఎప్పుడమ్మా? నీ వల్ల కాకపోతే నేనొచ్చి చెప్తాను."

"వచ్చావంటే కాళ్లు విరగ్గొడతాను" అన్నాను. అయినా ఆదివారం వచ్చింది, అల్లుణ్ణి వెంటబెట్టుకుని. తండ్రి పక్కన కూర్చుంది. ఆయన ఉత్సాహంగా మ్యాపు పరిచి, సరస్సుకి ఈసారి ఏ దారిన వెళ్లాలో, ఎక్కడ ఆగి టీ పెట్టుకోవాలో వేలితో చూపించారు. అమ్మాయి కాసేపు నీళ్లు నమిలి, చేతులు కడుక్కొస్తానని లోపలికి వెళ్లి, కుళాయి విప్పుకుని ఏడ్చింది. నేను వెనకే వెళ్లి టవలు అందించాను. అంతకంటే ఏం చేయాలో నాకూ తోచలేదు.

అల్లుడు మంచివాడే. మంచివాళ్ల సలహాలే ప్రాణం తీస్తాయి. "తాళం దాచేయండి అత్తయ్యగారూ. లేదంటే బ్యాటరీ వైరు పీకేస్తాను. మామయ్యగారు బండి పాడైందనుకుంటారు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ బండిలో ప్రతి వైరూ ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు బాబూ" అనేశాను. అన్నాక ఆ మాట నాకే గుచ్చుకుంది.

ఈలోగా ఇంట్లో కప్పులు పగులుతూనే ఉన్నాయి. ఆయనకి పక్కగా ఏది పెట్టినా మోచెయ్యి తగిలి కింద పడేది. గుమ్మం దాటితే భుజం తలుపు చెక్కకి కొట్టుకునేది. "ఎక్కడ పడితే అక్కడ పెడతావేంటి ఇవన్నీ!" అని నా మీద అరిచేవారు. చూసుకుని నడవచ్చు కదా అని నేనూ అరిచేదాన్ని. అరుపులకి నాకు ఎప్పుడూ కొదవలేదు. ఆ ఒక్క మాటకే నోరు రాలేదు.

ఇరవై మూడో రోజు పొద్దున పెయింటరు కాస్త విసుగ్గానే వచ్చాడు. నిచ్చెన బండి ముందు ఎడమ మూలకి వేసుకుని, ఎక్కి, పైకప్పు అంచున పొక్కులు గీకాడు. తర్వాత దిగి, "గోడ వైపు పక్క చూడాలి సార్, సందు చాలట్లేదు. బండి రెండడుగులు ముందుకి తీస్తే బాగుండు" అని, ఎమరీ పేపరు కోసం గేటు బయట ఉన్న తన స్కూటరు దగ్గరికి వెళ్లాడు.

నేను వంటింట్లో ఉన్నాను. దగ్గు వినిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చేతిలో గరిటెతోనే పరిగెత్తాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, నిటారుగా ముందుకి చూస్తూ, ఎప్పటిలాగే ఎడమచేత్తో స్టీరింగు మీద దరువు వేస్తున్నారు. "ఆగండి!" అని అరిచాను. ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. ముసల్ది కదిలింది. నిచ్చెన ఒక పక్కకి ఒరిగి, చక్రం కింద పడి, ఫటఫటమని విరిగింది. దాని మీదున్న ప్రైమరు డబ్బా దొర్లుకుంటూ గేటు దాకా పోయింది.

ఐదు నిమిషాల క్రితం ఆ నిచ్చెన మీద ఒక మనిషి ఉన్నాడు. పెయింటరు ఎమరీ పేపరు పట్టుకుని గేటు దగ్గర అలాగే నిలబడిపోయాడు.

"చూసుకోలేదా సార్?" అన్నాడు.

ఆయన దిగారు. విరిగిన కర్రల్ని వంగి చూశారు. నిచ్చెన ఉన్న చోటుకీ తన సీటుకీ మధ్య రెండుసార్లు తల తిప్పి చూశారు. ముప్పై ఒక్కేళ్లలో బస్సు మీద గీత పడనివ్వని మనిషి. "చూశాను. బ్రేకు ఆలస్యంగా పట్టింది" అన్నారు.

"పాత బండి కదా" అన్నాను నేను. నా సాక్ష్యం ఎవరూ అడగలేదు.

కొత్త నిచ్చెన కొనిస్తానని ఆయన పెయింటరుకి చెప్పి, మధ్యాహ్నం రమ్మని పంపేశారు. నేను వంటింట్లోకి వచ్చాను. కిటికీలోంచి చూస్తే పెరట్లో కుర్చీ వేసుకుని ఒక్కరే కూర్చున్నారు. కుడిచెయ్యి భుజం ఎత్తున బాగా పక్కకి చాచి, వేళ్లు ఆడిస్తూ, మెల్లగా ముందుకి తెచ్చుకుంటున్నారు. తల మాత్రం కదపలేదు. ఆ చెయ్యి వస్తూనే ఉంది. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక ఆగింది. కాసేపు ఆ వేళ్లకేసి చూసుకున్నారు. తర్వాత ఎడమచేత్తో అలాగే చేశారు.

నేను బయటికి వెళ్లాను. ఈసారి చెప్పేయాలనే వెళ్లాను.

"ఏమండీ."

"ఊఁ."

"టీ తాగుతారా?"

"పెట్టు" అన్నారు.

మధ్యాహ్నం పెయింటరు వచ్చేసరికి ఆయన గేటు బయట వీధిలో నిలబడి ఉన్నారు. షేడ్ కార్డు చేతిలో లేదు. ముసల్దాని వెనక ఉన్న ప్రహరీ గోడ చూపించి, "ఆ రంగు వెయ్యి" అన్నారు. మా గోడది ఒక రంగని చెప్పడానికి కూడా లేదు. మట్టికీ దుమ్ముకీ మధ్య ఏదో ఒకటి.

"సార్, అది గోడ రంగు."

"అదే. ఒక్కటే రంగు. గీతలొద్దు, అంచులొద్దు."

"కనబడటానికి వేయించుకుంటారు గానీ సార్, కనబడకుండా ఉండటానికి ఎవరైనా వేయించుకుంటారా? ఇక్కణ్ణుంచి చూస్తే గోడేదో బండేదో తెలీదు!"

"తెలియక్కర్లేదు" అని, ఆయన నా వైపు తల పూర్తిగా తిప్పి చూశారు. "ఏం, దీనికేం వంక పెడతావో పెట్టు."

నూట పన్నెండు రంగులకి వంకలు సిద్ధంగా పెట్టుకున్నదాన్ని. బాగుందన్నాను.

ఐదు రోజుల్లో పని అయిపోయింది. మీగడ, గోధుమ, నారింజ, వెనక పూసిన ఆరు చదరాలు, అన్నీ కొత్త రంగు కిందకి పోయాయి. వెళ్తూ వెళ్తూ పెయింటరు, "వారం ఆరనివ్వండి సార్. ఆ తర్వాత మీ సరస్సుకి నిక్షేపంగా వెళ్లొచ్చు" అన్నాడు. "తొందరేం లేదులే" అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఇద్దరం ముసల్దాని లోపల మడత బల్ల దించుకుని టీ తాగాం. కప్పు ఆయనకి సరిగ్గా ఎదురుగా పెట్టాను. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. ఆయన కిటికీలోంచి గోడకేసి చూస్తూ, "ఆరు నెలలు చూద్దామంది కదా డాక్టరు?" అన్నారు.

నేను ఇన్నాళ్లూ వెతుక్కుంటున్న పూట అదే. అంతకంటే మంచిది నాకు దొరకదని కూడా తెలుసు. ఆ మాటకి ఆయనే తలుపు తీసి పట్టుకున్నారు, నేను నడిస్తే చాలు.

"అవును" అన్నాను.

"సరే, చూద్దాం" అన్నారు. టీ పూర్తి చేసి, చొక్కా జేబులోంచి బండి తాళం తీసి నా అరచేతిలో పెట్టారు. "నీ దగ్గర ఉంచు. నా జేబుకి చిల్లు పడింది, ఎక్కడైనా పడిపోగలదు."

మర్నాడు ఆ చొక్కా ఉతకడానికి వేస్తూ జేబు తిరగేసి, వెలుతురుకి ఎత్తి పట్టి చూశాను. చిల్లు లేదు. ఎంతసేపు చూసినా లేదు.

సాయంత్రం చొక్కా తొడుక్కుంటూ ఆయన అడిగారు, జేబు కుట్టావా అని.

కుట్టానన్నాను.